నకిలీ బిళ్ళ – బేరింగు జాబు

తపాలా బిళ్ళను చాలామంది ఒక చిన్న బొమ్మగానో, సేకరించి దాచుకొనే వస్తువుగానో భావిస్తారు. నిజానికి అది ఒక రసీదు. ఉత్తరాన్ని గమ్యం చేర్చడానికి అయ్యే రుసుము ముందుగానే ప్రభుత్వానికి ముట్టిందని ఆ చిన్న కాగితం ముక్క సాక్ష్యం చెబుతుంది. ఇతర రసీదులు సొమ్ము చెల్లించినవాని వద్దనే ఉంటాయి. ఈ రసీదు మాత్రం ఉత్తరంతోపాటు ప్రయాణించి, ఆ చెల్లింపుతో ఏ సంబంధమూ లేని మరొక వ్యక్తి చేతికి చేరుతుంది. అది సరిగా ఉన్నంతవరకు ఎవరూ దానిని పట్టించుకోరు. విలువ చాలకపోయినా, నకిలీదని తేలినా, ఆ తప్పుకు మూల్యం చెల్లించవలసిన పరిస్థితి తరచుగా ఉత్తరం అందుకొనేవానికే ఏర్పడుతుంది.

బిళ్ళ పుట్టకముందు ఇంగ్లండులో రుసుమును సాధారణంగా ఉత్తరం అందుకొన్నవారే చెల్లించేవారు. దూరం పెరిగినకొద్దీ రుసుమూ పెరిగేది. పేదవారు అంత సొమ్ము ఇచ్చుకోలేక ఉత్తరాలను తిరస్కరించేవారు. కొందరు కవరుపైనే రహస్య సంకేతాలు వ్రాయించుకొని, వాటిని చూసి క్షేమసమాచారం గ్రహించి, ఉత్తరాన్ని తిప్పి పంపేవారు. ఈ అవ్యవస్థను గమనించిన రోలండ్ హిల్ 1837లో సంస్కరణలను ప్రతిపాదించాడు. ఫలితంగా 1840 మే 6 నుండి ఒక పెన్నీ బిళ్ళ చెలామణిలోకి వచ్చింది. ముందుగా చెల్లిస్తే ఒక పెన్నీ, చెల్లించకుండా పంపితే రెండు పెన్నీలు అన్నది నాటి నియమం. చెల్లించని ఉత్తరానికి రెట్టింపు వసూలు చేయడమనే పద్ధతి అలా ఆరంభమైంది.

మన దేశంలో 1854లో దేశమంతటికీ ఒకే విధమైన బిళ్ళలు వచ్చినప్పుడు రెట్టింపు నియమం కూడా వాటి వెంట వచ్చింది. బిళ్ళ లేని ఉత్తరాన్ని ప్రజలు 'బేరింగు జాబు' అన్నారు. పూర్తిగా బిళ్ళ లేకపోతే మొత్తం రుసుముకు రెట్టింపు, కొంత తక్కువైతే ఆ తక్కువైన మొత్తానికి రెట్టింపు వసూలు చేసేవారు. ఒక ఉత్తరానికి 10 రూపాయల బిళ్ళలు అవసరం కాగా 5 రూపాయల బిళ్ళ మాత్రమే అతికించారనుకొందాం. తక్కువైనది 5 రూపాయలు. అందుకొనేవాడు ఇవ్వవలసినది 10 రూపాయలు. దీనిని కేవలం దండనగా భావించరాదు. అటువంటి ఉత్తరాన్ని వేరు చేయాలి, తూచాలి, రావలసిన మొత్తాన్ని దానిపై వ్రాయాలి, ఇంటి గుమ్మం వద్ద సొమ్ము వసూలు చేసి లెక్కలో చూపాలి. ఇంత అదనపు శ్రమకు అదనపు రుసుము న్యాయమే.

అయితే ఆ భారం ఎవరిపై పడుతున్నదన్నది వేరే ప్రశ్న. 1898 నాటి భారత తపాలా కార్యాలయాల చట్టంలోని 11వ సెక్షను ప్రకారం, ఉత్తరాన్ని స్వీకరించినవాడు బాకీ ఉన్న రుసుమును చెల్లించవలసి ఉండేది. ఇష్టం లేకపోతే విప్పకుండా వెంటనే తిరిగి ఇచ్చివేయవలసి ఉండేది. అప్పుడు బాధ్యత పంపినవానిపై పడేది. ఇక్కడ ఉన్న చిక్కు చిన్నది కాదు. లోపల ఉన్నది ఉద్యోగపు పిలుపా, మరణవార్తా, పనికిరాని ప్రకటనా అన్నది తెలియకుండానే ఆ ఇంటివారు నిర్ణయం తీసుకోవాలి. చేతిలో డబ్బు లేని ఇంటికి ఇది పరీక్షే. విచిత్రమేమంటే, డబ్బు వసూలు చేయవలసి ఉంటుంది కనుక తపాలా జవాను బేరింగు జాబును తప్పక చేరుస్తాడని నమ్మి, కావాలనే బిళ్ళ లేకుండా పంపినవారు కూడా ఆ రోజులలో ఉండేవారు.

నిజాం పాలనలోని హైదరాబాదు రాజ్యంలో ఈ వ్యవహారానికి మరొక చిక్కు తోడైంది. ఆ రాజ్యానికి స్వంత తపాలా వ్యవస్థ ఉండేది. 1869లో ఒక అణా బిళ్ళ, ఆ తరువాత అర్ధణా, రెండణాల బిళ్ళలు వెలువడ్డాయి. ఈ అర్ధణా, రెండణాల బిళ్ళలపై ఇంగ్లీషు, ఉర్దూ, తెలుగు, మరాఠీ లిపులు నాలుగూ కనిపిస్తాయి. మద్నూర్ వంటి చోట ఈ ఏర్పాటు విలువ బాగా తెలుస్తుంది. నేడు కామారెడ్డి జిల్లా బాన్సువాడ రెవెన్యూ డివిజనులో ఉన్న మద్నూర్, మహారాష్ట్ర సరిహద్దుకు ఆనుకొని ఉన్నది. కర్ణాటక కూడా దూరం కాదు. పొరుగున ఉన్న బిచ్కుంద, జుక్కల్ ప్రాంతాలు 1956 వరకు నాందేడ్ జిల్లాలోని దెగ్లూర్ తాలూకాలో భాగాలు. తెలుగు, మరాఠీ కలిసి వినిపించే ఆ సీమలో ఎవరి లిపిలో వారు బిళ్ళను చదువుకొనగలిగేవారు. తెలుగు 'తపాలా', మరాఠీ 'టపాల్' వినడానికి ఒకే మాటలా ఉండడం కూడా గమనింపదగినదే.

నాడు ఆ ప్రాంతం నుండి దెగ్లూరుకో, నాందేడుకో, హైదరాబాదు నగరానికో ఉత్తరం వ్రాస్తే నిజాం బిళ్ళ చాలు. బొంబాయికో, మద్రాసుకో వ్రాయాలంటే మాత్రం బ్రిటిషు ఇండియా బిళ్ళ కావాలి. నిజాం బిళ్ళ ఆ రాజ్యపు ఎల్లలు దాటితే చెల్లదు. పైగా నాణెం కూడా వేరు. సుమారు ఏడు హాలీ రూపాయలు ఆరు బ్రిటిషు రూపాయలకు సమానం. అక్షరాలు అంతంత మాత్రంగా వచ్చినవారు పొరపడితే, ఆ బిళ్ళ నకిలీది కాకపోయినా చెల్లనిదే అయ్యేది. 1950 ఏప్రిల్ 1న హైదరాబాదు తపాలా వ్యవస్థ భారత తపాలాలో విలీనమైన తరువాత ఈ భేదం తొలగిపోయింది. నేడు మద్నూర్ నుండి దెగ్లూరుకు పోయే ఉత్తరం ఒక రాష్ట్రం నుండి మరొక రాష్ట్రానికి పోతున్నా, బిళ్ళ మాత్రం ఒక్కటే.

ఇక నకిలీల సంగతి. మొదటి పెన్నీ బిళ్ళ రూపకర్తలే ఈ ప్రమాదాన్ని ఊహించారు. మనిషి ముఖంలో కొద్దిపాటి మార్పు వచ్చినా కన్ను పసిగడుతుంది కనుక రాణి ముఖాన్ని చెక్కించారు. కాగితంలో కిరీటం నీటిగుర్తు ఉంచారు. క్రింది మూలలలో అక్షరాలు చేర్చి, పలకపై ఏ వరుసలోని ఏ బిళ్ళకు ఏ అక్షరాలు ఉండాలో నిర్ణయించారు. అయినా 1872లో లండను స్టాక్ ఎక్స్ఛేంజి తపాలా కార్యాలయంలో ఒక షిల్లింగు నకిలీ బిళ్ళలు తంతి పత్రాలపై వాడబడ్డాయి. ఆ పత్రాలు కార్యాలయంలోనే ఉండిపోతాయి కనుక బయటివారెవరూ చూడలేదు. 1898లో చార్లెస్ నిస్సెన్ అనే వ్యక్తి వాటిని గుర్తించేవరకు మోసం బయటపడలేదు. నీటిగుర్తు లేకపోవడం, అసలు పలకపై ఉండడానికి వీలులేని అక్షరాల జతలు కొన్నింటిపై కనిపించడం వాటిని పట్టి ఇచ్చాయి.

హైదరాబాదు బిళ్ళల కథ దీనికి భిన్నం. స్థానికంగా చెక్కిన అర్ధణా, రెండణాల పలకలలో 240 బిళ్ళలకు 240 విధాల స్వల్ప భేదాలు ఉన్నాయి. అసలైనవే ఒకదానితో ఒకటి పోలనప్పుడు, నకిలీని దేనితో పోల్చి చూడాలి? తరువాతి బిళ్ళలను లండనులో ముద్రింపజేయడంతో రూపంలో ఏకత్వం వచ్చింది. పాత బిళ్ళపై కొత్త విలువను అచ్చువేసే పద్ధతి కూడా ఉండేది. దీనిని కూడా 'సర్‌ఛార్జి' అనే అంటారు. 1930లో పావణా బిళ్ళపై 4 పైలు, అర్ధణా బిళ్ళపై 8 పైలు అని ముద్రించారు. ఇటువంటి అచ్చును అనుకరించడం మొత్తం బిళ్ళను అనుకరించడం కంటె చాలా సులభం. అందుకే సేకర్తలు పైముద్ర ఉన్న బిళ్ళలను అనుమానంతో పరిశీలిస్తారు.

చట్టం ఈ నేరాన్ని తేలికగా చూడలేదు. 1898 చట్టం తపాలా బిళ్ళలను ప్రభుత్వ ఆదాయపు స్టాంపులుగానే పరిగణించింది. కనుక వాటిని నకిలీ చేసినవారికి భారత శిక్షాస్మృతి 255వ సెక్షను క్రింద యావజ్జీవం లేదా పదేండ్ల వరకు శిక్ష వర్తించేది. వాడిన బిళ్ళను, వాడినదని తెలిసి మళ్ళీ అతికించడం కూడా నేరమే. దానికి రెండేండ్ల వరకు శిక్ష. రద్దు ముద్రను చెరిపివేస్తే మూడేండ్ల వరకు. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 178వ సెక్షను నాణేలు, ప్రభుత్వ ఆదాయపు స్టాంపులు, నోట్ల నకిలీలను ఒకేచోట చేర్చింది.

నేరస్థుని సంగతి సరే, చేతికి నకిలీ బిళ్ళ ఉన్న ఉత్తరం వచ్చిన అమాయకుని సంగతేమిటి? ఇటీవల ఈ ప్రశ్నకు దేశాలు వేర్వేరు సమాధానాలు చెప్పాయి. బ్రిటనులో 2022లో సాధారణ బిళ్ళలకు బార్‌కోడు జతచేశారు. నకిలీగా తేలిన బిళ్ళకు అందుకొనేవారి నుండి 5 పౌండ్లు వసూలు చేయసాగారు. దుకాణాలలో కొన్న బిళ్ళలనే నకిలీవన్నారని ఫిర్యాదులు పెరగడంతో 2024 మే నెలలో ఆ వసూలును నిలిపివేశారు. అమెరికా 2023 ఆగస్టులో అంతకంటె కఠినమైన నియమం చేసింది: నకిలీ బిళ్ళ ఉన్న వస్తువును ఎవరికీ చెందనిదిగా భావించి, తపాలా శాఖ తనకు తోచినట్లు దానిని వదిలించుకోవచ్చు.

వీటితో పోలిస్తే మన పాత చట్టంలోని 27వ సెక్షను ఎంతో ఆలోచనతో కూడినదనిపిస్తుంది. విదేశం నుండి నకిలీ బిళ్ళతో ఉత్తరం వస్తే, తపాలా అధికారి చిరునామాదారుకు నోటీసు పంపి పిలిపించాలి. అతడు పంపినవాని పేరు, చిరునామా తెలియజేసి, చిరునామా, నకిలీ బిళ్ళ ఉన్న భాగాన్ని తిరిగి అప్పగించడానికి అంగీకరిస్తే, ఉత్తరం అతనికి ఇవ్వాలి. సాక్ష్యమైన కవరు ప్రభుత్వానికి, అందులోని వార్త దాని యజమానికి దక్కుతాయి. ఆ 1898 చట్టం 2024 జూన్ 18న కొత్త తపాలా చట్టం అమలులోకి రావడంతో ముగిసిపోయింది.