ఐ.పి. పెట్టిన యింట ఇల్లాలు



మా చందర్లపాడు, నందిగామ మెట్ట ప్రాంతమున ప్రత్తియు, మిరపయు ముఖ్యమైన పైరులు. వాన తప్పినను, ధర పడిపోయినను వడ్డీ మాత్రము ఆగదు. అట్టి యేడులలో “ఫలానివారు ఐ.పి. పెట్టినా”రను మాట వినవచ్చును. ఇన్సాల్వెన్సీ పిటీషను, అనగా దివాలా అర్జీకే ఈ పొట్టి పేరు. దీనిని కొందరు తీరని యవమానముగను, కొందరు అప్పు నెగవేయు నుపాయముగను తలంచుచున్నారు. రెండును పొరపాటే.

హరిశ్చంద్రుడు ఋణము తీర్చుటకై చంద్రమతిని, లోహితాస్యుని విక్రయించెను. ఆ సత్యనిష్ఠ పూజ్యమే. కాని నేటి ధర్మశాసనము అంత కోరదు. 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టము నిజముగా తీర్చలేనివానికి త్రోవ చూపినది. 2016లో క్రొత్త దివాలా స్మృతి వచ్చినను, అందలి వ్యక్తుల భాగము 2019 డిసెంబరు 1 నుండి కంపెనీల యప్పులకు పూచీపడినవారికి మాత్రమే అమలైనది. కావున సామాన్య గృహస్థునకు పాత చట్టమే శరణ్యము.

అప్పులు 500 రూపాయలకు తక్కువ కానివాడు, లేక అప్పుకై ఆస్తి జప్తైనవాడు, జిల్లా న్యాయస్థానమునందో, అధికారము పొందిన క్రింది న్యాయస్థానమునందో అర్జీ పెట్టుకొనవచ్చును. అందు ఋణదాతల పేర్లు, బాకీలు, తన యాస్తి యావత్తు దాపరికము లేక తెలుపవలయును. దివాలాదారుగా ప్రకటించిన పిమ్మట ఆస్తిని న్యాయస్థానము గాని రిసీవరు గాని స్వాధీనపరచుకొని, అమ్మి, ఋణదాతలకు పంచుదురు. తనఖా పట్టినవాని హక్కు చెడదు. ఆ వెనుక గడువులోపల ఋణవిముక్తికి దరఖాస్తు చేసికొనవలయును. జూదముచేతనో, దుర్వ్యయముచేతనో చెడినవానికి సంపూర్ణ విముక్తి దొరకదు.

ఇక మనము తెలిసికొనవలసినది. కట్టుబట్టలు, వంటపాత్రలు, పడకలు, ఆచారమునుబట్టి స్త్రీ తీయరాని మంగళసూత్రమువంటి నగలు, సేద్యగానికి అవసరమైన పనిముట్లు, పశువులు, విత్తనములు జప్తు కావు. పుట్టినింటివా రిచ్చిన స్త్రీధనము భార్యది. భర్త యప్పుకు చెల్లదు. దాని రశీదులను, కాగితములను పదిలపరచుకొనుడు.

అయితే అర్జీకి ముందు “పొలము నీ పేర వ్రాసెద”నని భర్త యన్నచో సంతోషింపకుడు. వెల పుచ్చుకొనక వ్రాసియిచ్చిన ఆస్తిని, ఆ తేదీ నుండి రెండేండ్లలోపల అర్జీ పడి దివాలా ప్రకటన యైనచో, రిసీవరు రద్దు చేయింపవచ్చును. మోసముతో ఆస్తి దాచుట శిక్షార్హము కూడ. పొలమును దక్కదు, ఇంటి మాటకు విలువయు దక్కదు. అటులనే, చదువక ప్రోనోటుపై చేవ్రాలు చేయకుడు. చేసితిరేని ఆ యప్పు మీదియు నగును. సొమ్ము డిక్రీకై స్త్రీని చెరబెట్టరాదని న్యాయశాసనమున్నను, ఆమె యాస్తిని మాత్రము జప్తు చేయవచ్చును.

అప్పులకు వెఱచి ప్రాణములు తీసికొన్న రైతుల వార్తలు మనకు క్రొత్త కావు. పోయిన పొలమును మరల సంపాదింపవచ్చును. పోయిన మనిషి రాడు. భర్త మౌనముగా నుండిన దినములలో లెక్కల పుస్తకము ముందు పెట్టుకొని యిరువురును కూర్చుండుడు. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టము ననుసరించి స్త్రీలందరికిని, ఆదాయముతో నిమిత్తము లేక, ఉచితముగా న్యాయసహాయము లభించును. అడుగుటకు సిగ్గుపడకుడు. ఉన్నది ఉన్నట్లు చెప్పి న్యాయస్థానమున నిలిచిన గృహస్థునకు తలవంపు లేదు, దాచినవానికే కలదు.