టార్టన్ ఎంత పాతది? ఒక గళ్ళ ఉన్నిబట్ట చెప్పే చరిత్ర

మీ బడిలో గళ్ళ స్కర్టుగాని, గళ్ళ చొక్కాగాని యూనిఫారంగా ఉందా? లేకపోతే ఇంట్లో ఓ గళ్ళ లుంగీనో, తువ్వాలునో చేతిలోకి తీసుకోండి. గళ్ళను శ్రద్ధగా చూడండి. నిలువు చారలు కొన్ని, అడ్డచారలు కొన్ని కనిపిస్తాయి. ఒకే రంగు నిలువుచార, అడ్డచార కలిసినచోట ఆ రంగు చిక్కగా ఉంటుంది. వేర్వేరు రంగులు కలిసినచోట మూడో రంగు పుట్టినట్లు ఉంటుంది. అచ్చు వేసిన గళ్ళబట్టను తిరగేస్తే వెనుకవైపు వెలిసినట్లుంటుంది. నేసిన గళ్ళబట్ట రెండువైపులా ఒకేలా ఉంటుంది. దీనికి కారణం రంగు బట్టకు పూసింది కాదు, నేతకు ముందే దారానికి పట్టించింది కావడమే.

ఇలాంటి గళ్ళబట్టలలో ప్రపంచమంతటా పేరు పొందినది స్కాట్లాండ్‌కు చెందిన ఉన్నిబట్ట టార్టన్. స్కాట్లాండ్ ఉత్తర, పశ్చిమ ప్రాంతాలలోని కొండసీమను హైలాండ్స్ అంటారు. అక్కడివారి గేలిక్ భాషలో ఈ బట్ట పేరు బ్రెకన్, అంటే పొడలు పొడలుగా ఉన్నది అని అర్థం. హైలాండ్స్‌లో ఒక్కొక్క వంశానికి ఒక్కొక్క గళ్ళ నమూనా అనాదిగా ఉందని, యుద్ధంలో ఆ గళ్ళను చూసే తమవారెవరో, పగవారెవరో గుర్తించేవారని చాలా పుస్తకాలలో కనిపిస్తుంది. వినడానికి ఎంతో బాగుంది. కాని ఇది నిజమేనా? ఒక ఆచారం పాతదో కొత్తదో తేల్చడం ఎలా? టార్టన్ కథ ఈ ప్రశ్నకు మంచి పాఠం.

గళ్ళలో దాగిన లెక్క

ముందుగా ఈ బట్టను ఎలా నేస్తారో తెలుసుకుందాం. మగ్గం మీద నిలువుగా సాగదీసి కట్టిన దారాలు పడుగు. వాటి మధ్యగా అడ్డంగా నడిచే దారం పేక. సాదా నేతలో పేకదారం ఒక పడుగుదారం మీదుగా, తరువాతి దాని కిందుగా వెళుతుంది. టార్టన్‌ను సాధారణంగా ట్విల్ నేతలో నేస్తారు. ఇందులో పేక రెండు దారాల మీదుగా, రెండు దారాల కిందుగా నడుస్తుంది. తరువాతి వరుసలో ఈ క్రమం ఒక్క దారం పక్కకు జరుగుతుంది. అందుకే బట్టమీద సన్నని ఏటవాలు గీతలు ఏర్పడతాయి. జీన్స్ ప్యాంటును దగ్గరగా చూస్తే ఇలాంటి ఏటవాలు గీతలే కనిపిస్తాయి. ట్విల్ నేతలో దారాలను మరింత దగ్గరగా కూర్చవచ్చు. కనుక బట్ట దట్టంగా ఉంటుంది, అయినా ఒంటిమీద చక్కగా వాలుతుంది. చలిగాలులు, జల్లులు ఎడతెగని కొండసీమకు ఇది సరిపోయిన నేత.

ఎరుపు పడుగు మీద ఆకుపచ్చ పేక నడిస్తే అక్కడ సగం ఎరుపు, సగం ఆకుపచ్చ పైకి కనిపిస్తాయి. దూరంనుంచి చూసే కన్ను ఆ సన్నని గీతలను విడదీయలేక రెంటినీ కలిపి ఒకే రంగుగా గ్రహిస్తుంది. మరి, కొన్ని రంగుల దారాలతో ఎన్ని రంగులు వస్తాయి? రంగుల సంఖ్యను దానికంటే ఒకటి ఎక్కువైన సంఖ్యతో గుణించి, 2తో భాగించండి. రెండు రంగులుంటే 3, మూడుంటే 6, నాలుగుంటే 10, ఆరుంటే 21. దారం రంగులు రెట్టింపైతే బట్టమీది రంగులు అంతకంటే చాలా ఎక్కువగా పెరుగుతాయి. కాని మిశ్రమాలు ఎక్కువైనకొద్దీ నమూనా మసకబారినట్లు అవుతుంది. అందుకే నేతగాళ్ళు రంగులను పొదుపుగానే వాడతారు.

చారల వరుసను 'సెట్' అంటారు. దీన్ని దారాల లెక్కగా రాసుకుంటారు. ఉదాహరణకు ఎరుపు 24, ఆకుపచ్చ 12, నలుపు 4 అనుకోండి. నలుపు దగ్గరకు వచ్చాక అద్దంలో ప్రతిబింబంలాగా వెనుకకు తిరగాలి. అంటే మళ్ళీ ఆకుపచ్చ 12, ఆ తరువాత ఎరుపు 24. మలుపు దగ్గరి చారలను రెండుసార్లు లెక్కించరు. కాబట్టి 24, 12, 4, 12 కలిపి 52 దారాలకు ఒక ఆవృత్తి పూర్తవుతుంది. పడుగులో ఏ వరుస ఉందో పేకలోనూ సాధారణంగా అదే వరుస. గ్రాఫ్ కాగితం మీద ఇది గీసి రంగులు వేసి చూడండి. ఆరు రంగులూ మీకే కనిపిస్తాయి.

రాయడం, చదవడం రాని నేతగాళ్ళు ఇంత లెక్కను ఎలా గుర్తుపెట్టుకున్నారు? మార్టిన్ మార్టిన్ అనే హైలాండ్ రచయిత 1703లో అచ్చయిన తన గ్రంథంలో దీనికి జవాబు చెప్పాడు. పశ్చిమ దీవుల స్త్రీలు ఒక కొయ్యముక్క మీద ప్రతి చారలోని దారాల సంఖ్యను గుర్తుగా ఉంచుకునేవారట. ఆయన మరో సంగతి కూడా రాశాడు. గళ్ళు ప్రాంతాన్నిబట్టి మారేవి కనుక, మనిషి కట్టిన బట్టనుబట్టి అతడి ఊరిని ఊహించవచ్చునట. వంశాన్ని అనలేదు, ఊరిని అన్నాడు. ఈ తేడాను గుర్తుంచుకోండి.

భూమి దాచిన సాక్ష్యాలు

ఇప్పుడు మనకున్న బట్టలనే సాక్షులుగా పిలుద్దాం. 1933లో స్కాట్లాండ్‌లోని ఫాల్కర్క్ పట్టణంలో రోమన్ వెండి నాణేలున్న మట్టికుండ ఒకటి దొరికింది. అందులో దాదాపు 2,000 నాణేలు ఉన్నాయి. వాటితోపాటు చిన్న ఉన్నిగుడ్డ పీలిక కూడా ఉంది. నాణేలను పరిశీలించి ఈ నిధి క్రీ.శ. 3వ శతాబ్దానిదని నిర్ణయించారు. ఆ గుడ్డమీద లేత, ముదురు గళ్ళు ఉన్నాయి. కాని వాటిలో అద్దకం రంగు లేదు. తెల్లని, గోధుమరంగు ఉన్నిని ఉన్నది ఉన్నట్లుగా వాడి నేశారు. మన దక్కను గొర్రెల నల్లని ఉన్నితో గొంగడి నేసినట్లే అన్నమాట. ఈ పీలిక ఇప్పుడు ఎడిన్‌బరోలోని జాతీయ మ్యూజియంలో ఉంది. గళ్ళ ఉన్నిబట్ట అక్కడ చాలా పాతదేనని ఇది రుజువు చేస్తుంది. కాని రంగురంగుల టార్టన్ అప్పటికే ఉందని మాత్రం చెప్పదు.

రెండో సాక్షి గ్లెన్ ఆఫ్రిక్ అనే లోయ దగ్గరి పీట్ బురదనేలలో దొరికింది. పీట్ అంటే సగం కుళ్ళిన మొక్కలతో ఏర్పడిన పొర. అందులో ఆమ్లగుణం ఎక్కువ, ఆక్సిజన్ దాదాపు ఉండదు. బట్టలను తినే సూక్ష్మజీవులు అక్కడ బతకడం కష్టం. నారబట్ట వంటి మొక్కల పీచును ఆ ఆమ్లం కరిగిస్తుంది గాని, కెరటిన్ అనే ప్రోటీనుతో తయారైన ఉన్ని చాలావరకు నిలుస్తుంది. అలా సుమారు 55 సెంటీమీటర్ల పొడవు, 43 సెంటీమీటర్ల వెడల్పు గల ముక్క మిగిలింది. దీనిపై జరిపిన పరీక్షల ఫలితాలు 2023లో వెలువడ్డాయి.

మొదటి పరీక్ష రంగులది. విలియం పెర్కిన్ 1856లో కృత్రిమ రంగును కనిపెట్టాడు. బట్టలో అటువంటి రంగు ఉంటే అది ఆ తరువాతిదే అవుతుంది. ఈ ముక్కలో కృత్రిమ రంగులేవీ లేవు. ఆకుపచ్చ దారంలో నీలిమందుగాని, వోడ్ మొక్కగాని వాడినట్లు తేలింది. ఈ రెండింటిలో ఏదో ఒకటి అని ఎందుకంటున్నారు? నీలిమందు మొక్కలోంచి వచ్చినా, ఐరోపాలో పండే వోడ్‌లోంచి వచ్చినా నీలిరంగు అణువు ఒక్కటే. అందువల్ల రసాయన పరీక్ష ఆ రెంటినీ వేరుచేయలేదు.

రెండోది కార్బన్-14 పరీక్ష. గొర్రె మేసిన గడ్డిద్వారా గాలిలోని కార్బన్ దాని ఉన్నిలోకి చేరుతుంది. ఉన్ని పెరిగాక కొత్త కార్బన్ చేరదు. ఉన్న కార్బన్-14 మాత్రం ప్రతి 5,730 ఏళ్ళకు సగం చొప్పున తరుగుతుంది. మిగిలినదాన్ని కొలిచి వయసు లెక్కకడతారు. ఆ లెక్కప్రకారం ఈ బట్ట 1500-1655 మధ్యది, బహుశా 1500-1600 మధ్యది. స్కాట్లాండ్‌లో దొరికిన నిజమైన టార్టన్‌లలో ఇంతకంటే పాతది తెలియదు. 1538లో రాజు ఐదవ జేమ్స్ కోసం హైలాండ్ టార్టన్ కొన్నట్లు ఖజానా లెక్కల్లో ఉంది. బట్ట, కాగితం ఒకే కాలాన్ని చూపిస్తున్నాయి.

నిషేధం, ఆ తరువాత మోజు

టార్టన్ పాతదే, సందేహం లేదు. మరి వంశాల సంగతి? 1746 ఏప్రిల్ 16న కలోడెన్ యుద్ధంలో, స్టూవర్ట్ రాజవంశం తరఫున తిరగబడిన సేన ఓడిపోయింది. ఆ సేనలో హైలాండ్ వీరులే ఎక్కువ. ఈ తిరుగుబాటును చిత్రించిన డేవిడ్ మోరియర్ తైలవర్ణచిత్రంలో ఒక్కో హైలాండర్ కోటు ఒక రకం గళ్ళు, కిందికట్టు మరో రకం గళ్ళు. వంశాన్ని గళ్ళనుబట్టి గుర్తించేవారే అయితే ఇలా కలగాపులగంగా వేసుకుంటారా?

యుద్ధం తరువాత బ్రిటిష్ ప్రభుత్వం హైలాండ్ దుస్తులను నిషేధించింది. 1747 ఆగస్టు 1 నుంచి అమలైన ఈ చట్టం కింద మొదటిసారి పట్టుబడితే ఆరు నెలల జైలు. రెండోసారి పట్టుబడితే సముద్రాల ఆవలికి ఏడేళ్ళ ప్రవాసం. ఒంటిమీది బట్టకు ఇంత శిక్ష! స్త్రీలకు, సైన్యంలోని హైలాండ్ దళాలకు మాత్రం మినహాయింపు. 1782లో చట్టం రద్దయ్యేనాటికి ఒక తరం గడిచిపోయింది. ఈలోపు దళం మొత్తానికి ఒకే గళ్ళు ఉండడం సైన్యంలో అలవాటైంది. 'ఒక సమూహానికి ఒక నమూనా' అన్న భావన బలపడడంలో ఈ యూనిఫారానికి పెద్ద పాత్ర ఉంది.

బానక్‌బర్న్ పట్టణంలోని విల్సన్ కుటుంబపు నేతశాల సైన్యానికి టార్టన్ సరఫరా చేసేది. వారి 1819 నాటి నమూనా పుస్తకంలో చాలా గళ్ళకు అంకెలో, ఊళ్ళ పేర్లో ఉన్నాయి. అవే గళ్ళలో కొన్ని తరువాత వంశాల పేర్లతో అమ్ముడుపోయాయి. 1815లో లండన్ హైలాండ్ సొసైటీ వంశ పెద్దలను మీ మీ టార్టన్ నమూనాలు పంపండని కోరింది. తమ టార్టన్ ఏదో తెలియని పెద్దలు ఇతరులను అడగవలసి వచ్చింది. 1822లో రాజు నాలుగవ జార్జి ఎడిన్‌బరో వచ్చినప్పుడు నవలాకారుడు వాల్టర్ స్కాట్ ఏర్పాట్లు చేశాడు. అందరినీ టార్టన్‌లో రమ్మన్నాడు. గిరాకీ ఒక్కసారిగా పెరిగింది.

గిరాకీ ఉన్నచోట నకిలీ కూడా పుడుతుంది. సోబియెస్కీ స్టూవర్ట్‌లుగా చెప్పుకున్న ఇద్దరు అన్నదమ్ములు 1842లో 'వెస్టియారియం స్కోటికం' అనే పుస్తకం ప్రచురించారు. పాత రాతప్రతినుంచి తీసిన 75 టార్టన్లు ఇవి అన్నారు. అసలు ప్రతిని మాత్రం నిపుణుల ముందు పెట్టలేదు. అచ్చుకు ముందే స్కాట్ దాన్ని శంకించాడు. 1980లో వచ్చిన ఒక సమగ్ర పరిశోధన అది కల్పితమని తేల్చింది. అయినా అందులోని గళ్ళను ఈనాటికీ ఎన్నో కుటుంబాలు అభిమానంగా ధరిస్తున్నాయి.

రంగుల ఫోటోలో టార్టన్

సైన్సు చరిత్రలోనూ టార్టన్‌కు చోటుంది. స్కాట్లాండ్ శాస్త్రవేత్త జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ 1861 మే 17న లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఒక టార్టన్ రిబ్బను బొమ్మను రంగుల్లో చూపించాడు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం వడపోతల ద్వారా విడివిడిగా ఫోటోలు తీయించి, అవే వడపోతలతో మూడింటినీ తెరమీద ఒకచోట పడేలా చేశాడు. రంగుల ఫోటోకు ఇది నాంది. ఆనాటి ప్లేట్లకు ఎరుపు కాంతిని గ్రహించే శక్తి లేదు. మరి ఎరుపు ఎలా వచ్చింది? నూరేళ్ళ తరువాత జవాబు దొరికింది. రిబ్బనులోని ఎర్రరంగు అతినీలలోహిత కిరణాలను కూడా పరావర్తనం చేసింది. అవి ఎర్ర వడపోతలోంచి వెళ్ళి ప్లేటుపై పడ్డాయి!

మనం నేర్చుకునేది

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. అక్కడ నిజానికి రెండు ప్రశ్నలున్నాయి. గళ్ళ ఉన్నిబట్ట పాతదా? అవును, చాలా పాతది. వంశానికొక నమూనా అన్న కట్టుబాటు పాతదా? కాదు, అది ప్రధానంగా 19వ శతాబ్దంలో రూపుదిద్దుకున్నది. మొదటిదానికి దొరికిన రుజువును రెండోదానికి వాడుకోవడం వల్లనే ఇంత అపోహ ప్రబలింది. కొత్తదైనంత మాత్రాన ఆచారం విలువలేనిది కాదు. 2009 నుంచి స్కాట్లాండ్ ప్రభుత్వమే టార్టన్ల రిజిస్టరు నిర్వహిస్తోంది. కొత్త గళ్ళు ఎవరైనా నమోదు చేసుకోవచ్చు. నమోదైన తేదీ పక్కనే ఉంటుంది కనుక రేపటివారికి మన తికమక ఉండదు.

గళ్ళు స్కాట్లాండ్‌కే సొంతం కాదు. చీరాల ప్రాంతపు నేతగాళ్ళు నేసిన గళ్ళ నూలు రుమాళ్ళు మద్రాసు పేరుతో పశ్చిమ ఆఫ్రికాదాకా వెళ్ళాయి. మీ ఊళ్ళో మగ్గం ఉంటే వెళ్ళి చూడండి. ఈ గళ్ళ లెక్క ఎక్కడ రాసుకున్నారో, ఎవరి దగ్గర నేర్చుకున్నారో అడగండి. 'అనాదిగా ఉంది' అన్న జవాబు వస్తే అక్కడితో ఆగకండి. తాతల కాలపు బట్టముక్కగాని, పాత లెక్కల పుస్తకంగాని ఉందేమో చూపించమనండి. అసలు పరిశోధన అక్కడే మొదలవుతుంది.