చెరువుకట్టయు బతుకమ్మయు

పూర్వుల సొత్తు అనగానే సోదరీమణులకు ఓరుగల్లు కోట తోరణములును, పాలంపేట రామప్పగుడియును తలపునకు వచ్చును. రామప్పగుడి 2021వ సంవత్సరమున ప్రపంచ వారసత్వ స్థలముల పట్టికకెక్కినది. దానిని కాపాడుటకు పెద్దలు పలువురు కలరు. శిల్పములు లేని చిన్న పల్లెకును పూర్వుల సొత్తు గలదనియు, అది చాలవరకు స్త్రీల చేతిలోనే యున్నదనియు మా యభిప్రాయము.

మా నెక్కొండ వరంగల్లు జిల్లాలో, కాజీపేటనుండి విజయవాడకు బోవు రైలుదారిపై నున్నది. ఆ దారి విజయవాడ చేరినది 1889లో. మా సీమ చెరువుల చరిత్ర అంతకు మిక్కిలి పూర్వపుది. నర్సంపేట కావల నున్న పాకాల చెరువు 13వ శతాబ్దమున, కాకతీయ గణపతిదేవుని యేలుబడిలో కట్టబడి, నేటికిని పొలములను తడుపుచున్నది. ఎగువ చెరువు మత్తడి దూకిన నీరు దిగువ చెరువును చేరునట్లు గొలుసుకట్టుగా కట్టుట ఆనాటివారి నేర్పు. వేసవిలో పూడిక తీసి ఆ మట్టిని చేలకు తోలినచో చెరువు లోతగును, చేను బలియును. బోరుబావులు పెరిగినకొద్దీ ఈ పని వెనుకబడగా, 2015లో ప్రభుత్వము మిషన్ కాకతీయ యను పేర 46 వేలకు పైబడిన చెరువులను బాగుచేయ సంకల్పించినది.

బతుకమ్మ ఈ చెరువుల పండుగయే. వానలు వెనుకబట్టి చెరువు నిండి, తంగేడు, గునుగు పూచు వేళకు అది వచ్చును. మహాలయ అమావాస్యనాడు ఎంగిలిపూలతో నారంభించి, తొమ్మిదవనాడు సద్దులతో ముగియును. తాంబాళమున గుమ్మడాకులు పరచి, పూలు వరుసలుగా పేర్చి, పైన పసుపు గౌరమ్మను నిలిపి, ఆడిపాడి నీట విడుతుము, సత్తుపిండి పంచుకొందుము. 2014లో ఇది రాష్ట్రపు పండుగయైనది.

పండుగకు గౌరవము పెరిగినది గాని పూలు తగ్గినవి. గడ్డిమందు చల్లిన చేలలో గునుగు మొలవదు. బంజరు దున్నినచోట తంగేడు నిలువదు. పాటల గతియు నట్లే. అత్తవారింటి కష్టము, అన్నదమ్ముల యాపేక్ష, వ్రాతరాని తల్లులు పాటలలోనే దాచిరి. నేడు యంత్రము పాడుచుండగా మన బాలికలు చప్పట్లు మాత్రము చరచుచున్నారు. గుడి కూలినను రాయి మిగులును. పాడువారు లేని పాటకు ఆనవాలైనను మిగులదు.

కావున మేము మా వాడ యవ్వలయొద్ద కూర్చుండి, వారి పాటలను ఒక పుస్తకమున వ్రాసికొనుచున్నాము. సోదరీమణులారా! మీరును మీ యింటి పెద్దలను అడిగి వ్రాసికొనుడు. చేనిగట్టున నాలుగు గునుగు మొక్కలను, చెరువుకట్ట దాపున ఒక తంగేడు పొదను ఉండనిండని ఇంటి మగవారికి చెప్పుడు. ఈ యేటి సద్దులనాటికి మీ బిడ్డకు ఒక్క పాట మొదటినుండి తుదివరకు నేర్పుడు.