వెన్నెముక గాయం తరువాత క్రీడాజీవితం: అలానా నికోల్స్

గాయం ఒక క్రీడాకారిణి నైపుణ్యాన్ని పూర్తిగా హరిస్తుందా? అమెరికాకు చెందిన అలానా నికోల్స్ జీవితం ఆధారంగా ఈ ప్రశ్నను పరిశీలిద్దాం.

2000లో, 17 ఏళ్ల వయసులో, స్నోబోర్డుపై గాలిలో పల్టీ కొట్టబోయి ఆమె బండరాయిపై పడ్డారు. వెన్నెముక విరిగి కాళ్లు చచ్చుబడ్డాయి. తరువాత వీల్‌చైర్ బాస్కెట్‌బాల్ నేర్చుకొని, 2008 బీజింగ్ పారాలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన అమెరికా జట్టులో ఆడారు. మంచుపైకీ తిరిగి వచ్చారు.

కాళ్లు కదలకుండా స్కీయింగ్ ఎలా సాధ్యమని మీకు సందేహం కలగవచ్చు. ఇందుకు మోనోస్కీ వాడతారు. ఇందులో ఒకే స్కీపై, కుదుపులను తట్టుకొనే అమరికతో, శరీరానికి సరిపోయే సీటు ఉంటుంది. చేతికర్రల కొసలకు చిన్న స్కీలుంటాయి. మొండెం వాల్చి మలుపు తిరుగుతారు, కర్రలతో నిలకడ సాధిస్తారు. వైకల్యం అందరిలో ఒకేలా ఉండదు కనుక ఒక్కొక్క వర్గానికి ఒక్కొక్క గుణకం నిర్ణయిస్తారు. ఉదాహరణకు, గుణకం 0.80 అయితే 100 సెకన్లను 80గా లెక్కిస్తారు.

2010 వాంకోవర్‌ పారాలింపిక్స్‌లో నికోల్స్ డౌన్‌హిల్, జెయింట్ స్లాలమ్ పోటీల్లో స్వర్ణాలు, వాటితోపాటు ఒక రజతం, ఒక కాంస్యం సాధించారు. వేసవి, శీతాకాల పారాలింపిక్స్ రెండింటిలోనూ స్వర్ణం గెలిచిన తొలి అమెరికా మహిళ ఆమే.

దీన్ని అద్భుతమని మెచ్చుకొని వదిలేయకండి. సాధన ఆమెదే. అయితే తగిన పరికరం, శిక్షణ, న్యాయమైన నియమం లేకుంటే ఆ సాధనకు దారి దొరికేది కాదు.

ఆలోచించండి: మీ అధ్యయన కేంద్రంలోకి చక్రాల కుర్చీ వెళ్లగలదా?