షేక్స్పియరు విషాదరూపకములందలి ప్రాచీనపదములు

షేక్స్పియరు విషాదాంతరూపకములను జదువువారు తెలియని పదమును గన్నచో నిఘంటువును దెఱతురు. కావున నట్టి పదమువలన భయము లేదు. రూపము నేఁటిదియు నర్థము నాఁటిదియు నైన పదమే చదువరిని వంచించును. నిఘంటువు చూడవలయునను తలంపే వానికిఁ బుట్టదు.

‘రోమియో జూలియట్’ ద్వితీయాంకమున నాయిక మేడమీఁద నిలిచి, ప్రియుఁడు క్రింద నున్నాఁడని యెఱుఁగక, ‘వేర్‌ఫోర్’ అను పదముతో నొక ప్రశ్న వేయును. పెక్కండ్రు విద్యార్థు లది ‘ఎక్కడ నున్నావు’ అని వెదకుటగాఁ దలఁతురు. నేనును జిరకాల మట్లే తలంచితిని. అది హేతుప్రశ్నము గాని స్థలప్రశ్నము గాదు. పగవారి పేరు నీ కేల వచ్చెనని యామె వగచుచున్నది. తరువాతి వాక్యములును బేరును గూర్చినవే. ‘ఎక్కడ’ యన్నచో నవి యతుకవు.

తెలుఁగువారి కిది సుబోధము. ‘వేర్’ అనఁగా ‘ఎందు’. ‘ఫోర్’ అనఁగా ‘కొఱకు’. మన ‘ఎందు’ స్థలవాచకమయ్యును ‘కు’ విభక్తి చేరఁగనే ‘ఎందుకు’ అని హేతువు నడుగుచున్నది గదా! ‘దేర్’, ‘దేర్‌ఫోర్’ అను జంటయు మన ‘అందు’, ‘అందుకు’ వంటిదే. భాషలకుఁ జుట్టఱికము లేకున్నను నడక యొక్కటే.

‘హామ్లెట్’ ప్రథమాంకమునందలి ‘లెట్’ ఇంతకంటెఁ గఠినము. తండ్రి ప్రేతమును వెంబడింపఁబోవు రాజకుమారుని మిత్రులు పట్టుకొందురు. తన్ను ‘లెట్’ చేయువానిని బ్రేతముగాఁ జేసెదనని యాతఁడు బెదరించును. నేఁటి యర్థమునుబట్టి ‘పోనిచ్చువానిని’ అని చెప్పినచో, మేలుచేయువానినే చంపెదనన్నట్లగును! ఇచ్చట నర్థము ‘అడ్డగించుట’. ఒక్క పదమే తలక్రిందు కాలేదు. ప్రాచీనాంగ్లమున నడ్డగించుటకు ‘లెట్టన్’, విడుచుటకు ‘ల్యాటన్’ అను వేఱువేఱు ధాతువు లుండెను. కాలక్రమమున రెండు నేకరూపము నొందినవి. సంస్కృతమున ‘విద్’ ధాతువు జ్ఞాన సత్తా లాభాద్యర్థములందు వేఱువేఱుగఁ బఠింపఁబడినను, వేత్తి, విద్యతే, విందతి యని వికరణభేదము మనకు దారి చూపును. ఇంగ్లీషున నట్టి గుఱుతు మిగులలేదు, ప్రకరణమే శరణము. మన దేశపు పాస్‌పోర్టునందలి విజ్ఞాపనవాక్యమున నీ ‘లెట్’ అడ్డగింపు అను నర్థముననే నేఁటికిని నిలిచియున్నది.

ఇఁక ‘దౌ’, ‘యూ’ అను సర్వనామములు. ఆ నాటకముననే తృతీయాంకమునఁ దల్లి కుమారుని ‘దౌ’ అని మందలించును. అతఁడు ‘యూ’ అని, యించుమించుగా నా మాటలనే యామెపైకిఁ ద్రిప్పును. వెంటనే తల్లియు ‘యూ’లోనికి మాఱును. ఈ ‘యూ’ గౌరవము గాదు, యెడము. నేఁటి యింగ్లీషు మాత్రమే యెఱిఁగిన విద్యార్థికి ‘దౌ’ వట్టి ప్రాఁతమాటగాఁ దోఁచును. ఆ మాఱుపు వానిచెవి సోఁకదు. ఆ సంభాషణమును మన బడులలో ‘నీవు’, ‘మీరు’ అని యొకసారి చదివి వినిపించిన వేఱు వ్యాఖ్య యక్కఱలేదు.