పంక్తిలో అందరితో సమానం

గోచీ, తుండుగుడ్డ, కమండలం, చేతికర్ర. అరుణాచలంలో భగవాన్ రమణ మహర్షి ఆస్తి అంతే. ఆ జీవితాన్ని దగ్గరగా చూసి మన భాషలో రాసిపెట్టిన పుణ్యం సూరి నాగమ్మది.

గుంటూరు జిల్లా కొలనుకొండలో పుట్టిన నాగమ్మకు చిన్నతనంలోనే పెళ్లయింది. ఆ వెంటనే భర్త పోయాడు. చదువంతా ఇంట్లోనే సాగింది. గుండెల్లో దిగులు మోసుకుంటూ 1941లో అరుణాచలం కొండ ఉన్న తిరువణ్ణామలై చేరారు. అప్పటికి మహర్షికి అరవై దాటాయి. ఆశ్రమం హాల్లో ఓ మూల కూర్చుని ఆయన్ను చూస్తూ ఉండటమే ఆమె సాధన. అక్కడ జరిగేవన్నీ రాయమని అన్నయ్య అడిగితే 1945 నుంచి ఉత్తరాలు రాశారు. అవే 'శ్రీ రమణాశ్రమ లేఖలు'. వేదాంతంతో పాటు ఆవులు, కోతులు, ఉడతలు, వచ్చేపోయే జనం కూడా వాటిలో కనిపిస్తారు.

పదహారేళ్లకే అన్నీ వదిలి

1896 సెప్టెంబరు 1న మదురై నుంచి అరుణాచలం వచ్చిన కుర్రాడు, మిగిలిన డబ్బులు విసిరేసి, కట్టుకున్న పంచె చింపి గోచీ పెట్టుకున్నాడు. లాంఛనంగా సన్న్యాస దీక్ష తీసుకోలేదు. ఆ తర్వాత దాదాపు 54 ఏళ్లు ఆ కొండను వదిలి వెళ్లనే లేదు. 1907లో ఆయనకు రమణ మహర్షి అని పేరు పెట్టింది మన కావ్యకంఠ గణపతి ముని.

ఊరంతా దేవుడని మొక్కుతున్నా, తెల్లవారకముందే వంటింట్లో చేరి కూరలు తరిగేవారు, పచ్చళ్లు రుబ్బేవారు. చాలా ఏళ్లు అలాగే సాగింది. నేల మీద పడిన బియ్యపు గింజను కూడా ఏరి తీసేవారు. ఒకవైపు ఖాళీగా ఉన్న కాగితాన్ని పారేయనిచ్చేవారు కాదు. భోజనంలో తన విస్తట్లో ఒక్క పదార్థం ఎక్కువ పడినా ఒప్పుకునేవారు కాదు. ఎవరైనా తనకోసమని ప్రత్యేకంగా ఏదైనా తెస్తే పంక్తిలో ఉన్న అందరికీ పంచాల్సిందే.

ముళ్లకొమ్మ చెప్పిన జవాబు

వేలూరు వూరీస్ కళాశాల తెలుగు పండితుడు రంగాచారి ఒకసారి నిష్కామ కర్మ గురించి అడిగారు. మహర్షి పలకలేదు. కాసేపటికి కొండెక్కుతుంటే పండితుడితో పాటు కొందరు వెంట నడిచారు. దారిలో ముళ్లకొమ్మ ఒకటి కనిపించింది. దాన్ని తీసుకుని ఆయన కూర్చున్నారు. ముళ్లు చెక్కారు, కణుపులు నున్నగా చేశారు, గరుకు ఆకుతో రుద్ది మెరుగు పెట్టారు. ఆరు గంటలు పట్టింది. అంత ముచ్చటైన కర్రను చూసి అందరూ అబ్బురపడ్డారు. అక్కడి నుంచి కదలగానే, తన కర్ర పోగొట్టుకుని దిక్కుతోచక నిలబడ్డ పశువుల కాపరి పిల్లాడు ఎదురయ్యాడు. మహర్షి చేతిలోని కర్ర వాడికిచ్చి ముందుకు సాగిపోయారు. తన ప్రశ్నకు జవాబు దొరికిందన్నారు పండితుడు.

పనికి పూర్తిగా మనసు పెట్టాలి, ఫలం మీద హక్కు పెట్టుకోకూడదు. ఎన్ని ప్రవచనాలు విన్నా తలకెక్కని సంగతి ఆ కర్ర చూసినవాళ్లకు అర్థమైంది.

చివరిదాకా అదే తీరు

1924లో ఆశ్రమంలో దొంగలు పడి ఆయన్ను కొట్టారు. తిరగబడబోయిన శిష్యులను ఆయనే ఆపారు. 1949లో ఎడమచేతికి రాచపుండు లేచి శస్త్రచికిత్సలు వరసగా జరిగాయి. అంత బాధలోనూ దర్శనం ఆపనివ్వలేదు. 1950 ఏప్రిల్ 14 రాత్రి 8.47 గంటలకు సిద్ధి పొందేదాకా, ఎవరు వచ్చినా ఆయన తలుపు తెరిచే ఉంది.

నిరాడంబరత అంటే చిరిగిన బట్ట కట్టుకోవడమనే అనుకుంటాం. పక్కవాడికి దక్కనిది తనకూ వద్దనుకోవడమే అసలు నిరాడంబరత. అందుకు సన్న్యాసం అక్కర్లేదు. సంసారులు కూడా పాటించవచ్చు.

పౌర్ణమికి గిరిప్రదక్షిణ చేయడానికి మన రెండు రాష్ట్రాల నుంచీ ఎంతోమంది వెళుతున్నారు. వెళ్లేముందు నాగమ్మగారి లేఖలు ఒకసారి చదవండి. తిరిగొచ్చాక, వండి వడ్డించే మనిషిని కూడా మీ పంక్తిలోనే కూర్చోబెట్టి, మీకు పెట్టుకున్నదే ఆమెకూ పెట్టండి.