కూలింగ్ టవర్ల నిర్వహణ: గాలి, నీటి నాణ్యత

ఆసుపత్రులు, వాణిజ్య సముదాయాలు, కార్యాలయాల మిద్దెలపై ఫ్యాన్లు తిరుగుతూ ఆవిరిని వదిలే కట్టడాలే కూలింగ్ టవర్లు. ఏసీ యంత్రాల వేడిని మోసుకువచ్చిన నీటిని వీటిలో సన్నని ధారలుగా జార్చి గాలి తగిలేటట్లు చేస్తారు. కొంత నీరు ఆవిరి కాగా మిగిలినది చల్లబడుతుంది. మట్టికుండలో జరిగేదీ ఇదే.

అయితే ఆవిరయ్యేది నీరే. లవణాలు టవర్‌లోనే మిగిలిపోతాయి. లీటరుకు 500 మిల్లీగ్రాముల లవణాలున్న నీరు నాలుగింతలు చిక్కబడితే అవి 2000 మిల్లీగ్రాములకు చేరుతాయి. గొట్టాలలో సున్నపు పొర పేరుకొని విద్యుత్ వ్యయం పెరుగుతుంది. కనుక చిక్కబడిన నీటిని కొంత వదలి కొత్త నీటిని చేర్చుతూ ఉండాలి.

చెన్నైకి నీరు ఒకే చోటినుండి రాదు. కండలేరు నుండి పూండికి చేరే కృష్ణా జలాలు, మీంజూరు, నెమ్మేలిలలో శుద్ధమయ్యే సముద్రజలం, బోరు నీరు, ట్యాంకరు నీరు: ఒక్కొక్కదాని గుణం ఒక్కొక్క విధం. 2019 వేసవిలో జలాశయాలు ఎండినపుడు అనేక భవనాలకు ట్యాంకర్లే దిక్కయ్యాయి. నీరు వచ్చే చోటు మారిన ప్రతిసారీ పరీక్ష జరిపించి రసాయనాల మోతాదును సరిచేయాలి. కోయంబేడు, కొడుంగైయూరు కేంద్రాలలో రివర్స్ ఆస్మాసిస్ పద్ధతిలో శుద్ధిచేసిన మురుగునీరు పరిశ్రమలకు అందుతూ తాగునీటిని ఆదా చేస్తున్నది. అరకొరగా శుద్ధిచేసిన నీటిని వాడితే మాత్రం అందులోని అమ్మోనియా రాగి గొట్టాలను తినివేస్తుంది. ఫాస్ఫేట్లు పాచిని పెంచుతాయి.

టవర్ గాలిని కూడా కడుగుతుంది. రహదారి ధూళి, జనరేటర్ల మసి, సముద్రపు ఉప్పుగాలి నీటిలో కలుస్తాయి. అడుగుతొట్టిలో చేరిన బురద కింద లోహం తుప్పుపడుతుంది. బాక్టీరియాకు అది ఆశ్రయమవుతుంది.

అసలు ప్రమాదం ఇక్కడే ఉన్నది. గోరువెచ్చని, శుభ్రత లేని నీటిలో లీజియోనెల్లా అనే బాక్టీరియా పెరిగి, సన్నని తుంపరల ద్వారా ఊపిరితిత్తులకు చేరి తీవ్రమైన న్యుమోనియా కలిగించగలదు. 1976లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఒక హోటల్లో సమావేశమైనవారు ఈ వ్యాధికి గురైన పిదపనే ఇది లోకానికి తెలిసింది.

భవన నిర్వహణ పనులలో ఉన్న తెలుగువారు ఈ జాగ్రత్తలు పాటించగలరు:

• ఫ్యాన్లు ఆపిన తరువాతనే శుభ్రపరచండి; ఎన్‌95 మాస్కు, చేతి తొడుగులు, కళ్లద్దాలు ధరించండి.
• తొట్టిలో పాచి, జిగురు, దుర్వాసన కనిపిస్తే యాజమాన్యానికి వ్రాతపూర్వకంగా తెలపండి.
• రెండు వారాలలోపు జ్వరం, దగ్గు, ఆయాసం వస్తే ఆలస్యం చేయక వైద్యుని కలవండి; టవర్ వద్ద పనిచేసిన సంగతి తప్పక చెప్పండి. ఆ ఒక్క మాట సరైన పరీక్షకు దారి చూపుతుంది.